ఇది అక్కి కాదు

ఈ మధ్య ఒంటికి దురద పట్టుకుంటే ప్రొద్దుటూరులో ఒక చర్మం డాక్టరు దగ్గరికి పోయాను. బెంచీ మీద నా పక్కన ఒక రైతు కూర్చుని ఉన్నాడు. చొక్కా పైకి ఎత్తిపట్టుకుని, బట్ట తగిలితే ప్రాణం పోయేటట్టు మొహం పెడుతున్నాడు. నడుం చుట్టూ అక్కి, ఎర్రగా లేచి మండే పొక్కులు. దాని మీద ఎవరో జాజుతో, అదే ఎర్రమన్నుతో, ఒక సింహాన్ని రాసి పంపించారు. మా ప్రాంతంలో అక్కి లేస్తే ముందు కుమ్మరి ఇంటికి పోయి సింహం రాయించుకుంటారు. సింహాన్ని చూసి అక్కి పారిపోతుందని నమ్మకం. అప్పటికీ పోకపోతే డాక్టరు. ఆ కుర్ర డాక్టరు బొమ్మను చూసి నవ్వి, ముందు దీన్ని కడుక్కుని రావయ్యా అన్నాడు. రైతు సిగ్గుతో చచ్చిపోయాడు.

నాకు డాక్టరు మీద కోపం రాలేదు. ఆ బొమ్మ రాసినవాడి మీద వచ్చింది. అదేం సింహం? నక్కకు గడ్డం పెట్టినట్టుంది. తోక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో రాసినవాడికే తెలియాలి. మా అక్కి అవ్వ చూసుంటే వాడి చెయ్యి పట్టుకుని జాజు గిన్నెలో ముంచి, ఇంటికి పొమ్మని చెప్పుండేది.

ఆమెకు పేరుండేది. ఆ పేరు పెట్టి పిలిచినవాళ్ళు నేనెరిగి ఎవరూ లేరు. ఊరికంతా అక్కి అవ్వే. ప్రొద్దుటూరులో కుమ్మరి వీధి మొదట్లో ఆమె ఇల్లు, దాని వెనక సందులో మా ఇల్లు. మా నాయన బడిపంతులు. ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధాని అయి, ఆ ముచ్చట తీరకముందే రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన రోజులవి. నేను టీచరు ట్రైనింగు ముగించుకుని, ఉద్యోగం ఆర్డరు ఎప్పుడొస్తుందా అని ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాను. పనీ పాటా లేదు కాబట్టి, అమ్మ తిడుతున్నా వినకుండా పోయి అవ్వ తిన్నె మీద చేరేదాన్ని.

మనిషి పొట్టి. ఎప్పుడూ పొగాకు నమిలే నోరు. అప్పటి ముసలివాళ్ళందరి మాదిరే రవిక తొడిగేది కాదు, పైట కొంగు బిగించి నడుముకు చెక్కుకునేది. ఆడది ఎవరైనా సరే "మేయ్", మగవాడు ఎవరైనా సరే "అప్పా". శెట్లని లేదు, రెడ్లని లేదు, బ్రాహ్మలని లేదు. మొదటిసారి మా అమ్మను "మేయ్" అన్నప్పుడు అమ్మ ఇంటికొచ్చి ఒక పూటంతా సణిగింది. మరుసటి ఏడు అమ్మ భుజానికే అక్కి లేచింది. అప్పుడు అదే "మేయ్" చెవికి తియ్యగా వినిపించింది.

మొహాలు ఆమెకు గుర్తుండేవి కావు. మొన్న వచ్చిన బట్టల శెట్టి అంటే ఎవరు, ఏంది అని తెల్లమొహం వేసేది. వీపున చింతగింజంత పుట్టుమచ్చ ఉండే ఆయన అంటే, ఆయన ఊరూ, పేరూ, పెళ్ళాం పుట్టిల్లూ అన్నీ చెప్పేది. బజారులో ఎవరైనా పలకరిస్తే ఎగాదిగా చూసి, చొక్కా తీస్తే గదప్పా తెలిసేది అనేది. ఆ మనిషి మళ్ళీ నడివీధిలో ఆమెను పలకరించేవాడు కాదు.

ఆమె రాస్తుంటే చూడాలి. సింహం ఒళ్ళు చూపుడువేలితో, జూలు కోడి ఈకతో. రాసినంతసేపూ మాట్లాడేది మనిషితో కాదు, అక్కితో. ఇంట్లోకి దూరిన కుక్కను అదిలించినట్టు అదిలించేది. ఈ బక్కోడు తప్ప నీకు ఊర్లో యాడా చోటు దొరకలేదా, పో, మీ యమ్మ పిలుస్తాంది పో అని. మంటతో ఏడుస్తూ వచ్చినవాళ్ళు ఆ తిట్లకు నవ్వి, నవ్వితే మళ్ళీ మంటై ఏడ్చేవాళ్ళు. చేతికి ఏమీ తీసుకునేది కాదు, తీసుకుంటే రాత పారదంట. జాజు మీద నీళ్ళు పడకూడదు. దాంతో మడి కట్టుకునే మా ఇళ్ళల్లో పెద్ద చిక్కొచ్చి పడేది. కుమ్మరామె ముట్టుకున్నది కాబట్టి స్నానం చేయాలి, చేస్తే సింహం కొట్టుకుపోతుంది. అమ్మకు అక్కి లేచినన్నాళ్ళూ ఆమె వంటింటి గడప బయటనే కూర్చుని, వంట నాతో చేయించి, ప్రతి ముద్దకూ వంక పెడుతూ తిన్నది.

ఒకనాడు నేను పోయేసరికి అవ్వ తలుపు దగ్గరగా వేసి ఉంది. నా అడుగుల చప్పుడు విని లోపలికి పిలిచింది. బడిలో బొమ్మలు గీసేది నేర్పించినారంట గదా, నాకొక సింహం రాయి మేయ్ అంది. పైట పక్కకు తీస్తే ఎడమ రొమ్ము మీద ఎర్రగా కందిపోయి ఉంది. ఎవరి అక్కి వాళ్ళు రాసుకోకూడదనేది వాళ్ళ నియమం. ఆ వీధిలోనే ఇంకా రాసేవాళ్ళు లేకపోలేదు, పొగరు అడ్డమొచ్చింది. వాళ్ళ సింహాలు నా ఒంటి మీదనా అంది.

రాశాను. ఆమె అద్దంలో చూసుకుని, పిల్లికి జబ్బు చేసినట్టుండాది అని నవ్వింది. రాస్తుంటే నా వేలికి ఏవో తగిలాయి. చర్మం కింద జొన్నగింజలు పోసి కుట్టినట్టు గట్టిగా ఉన్నాయి. వాటికి లోపల, రొమ్ములో, గులకరాయి మాదిరి ఒక గడ్డ. ఇదేందవ్వా అంటే, అది పాతదిలే, ఎప్పటినుంచో ఉండాది, నొప్పా పాడా, పాలగడ్డ మిగిలిపోయిండాది అంది.

ప్రతి ఆదివారమూ పోయి రాశాను. నా సింహాలు బాగుపడ్డాయి గానీ ఆమె ఒళ్ళు బాగుపడలేదు. అక్కి అయితే పొక్కుతుంది, మండుతుంది, ఎండిపోయి రాలుతుంది. ఇది ఎండలేదు. గింజలు చంక వైపుకు పాకాయి, నడిరొమ్ము దాటి రెండో పక్కకు పోయాయి. గడ్డ పైన చర్మం మందమై, గుంటలు గుంటలుగా తయారైంది. చివరికి ఒక ఆదివారం నేను జాజులో వేలు ముంచి దగ్గరికి పోతుంటే, ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"మంట లేదు మేయ్," అంది. "అక్కయితే నీ చెయ్యి తగిలినప్పుడంతా నేను అరవల్ల. ఒక్కసారన్నా అరిస్తినా? ఇది అక్కి కాదు."

ఊరందరి చర్మాలూ చూసిన మనిషి తన చర్మాన్ని పోల్చుకోలేకపోయింది. సింహాల కింద దాన్ని పెంచుకుంటా కూర్చుంటి గదా అని ఆమే అనుకుంది. ఆ రోజు జాజు గిన్నె తీసుకుపోయి పెరట్లో కడిగేసింది.

ఆ వారంలోనే ఇద్దరం జమ్మలమడుగు బస్సెక్కాం. అక్కడి ఆసుపత్రిలో ఆడడాక్టరు ఉందని మా నాయన చెప్పాడు. డాక్టరమ్మది గుంటూరు పక్క. నెమ్మదిగా చూసింది, గింజ గింజనూ తడిమింది, చంకలో వేళ్ళు పెట్టి వెతికింది. తర్వాత చెయ్యి కడుక్కుని వచ్చి, అవ్వ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఇది చర్మంలో పుట్టిన జబ్బు కాదమ్మా," అంది. "మీ రొమ్ములో ఉన్న గడ్డ రాచపుండు. చర్మం కింద నీరు పారే సన్నటి దారులుంటాయి, మన కంటికి కనపడవు. వాటి వెంట పాక్కుంటూ వచ్చి ఇక్కడ మొలిచింది. ఈ గింజలన్నీ ఆ గడ్డ పిల్లలే."

తుంగ మాదిరా అని అవ్వ అడిగింది. చేలో తుంగ ఒకచోట పడితే మట్టి కిందనే పాకి, ఎక్కడో సంబంధం లేనిచోట తలెత్తుతుంది. పైపైన కోసేవాడికి నడుం నొప్పే మిగులుతుంది. డాక్టరమ్మ, తుంగే అనుకోండి అంది. గడ్డ ఒక్కటే ఉన్నప్పుడు వచ్చుంటే తవ్వి తీసేసేదాన్ననీ, ఇప్పుడు కోస్తే కోసిన గీత మీదనే మళ్ళీ మొలుస్తుందనీ దాచకుండా చెప్పింది. మద్రాసులో కరెంటు పెట్టే వైద్యం ఉంది, దాంతో కొంత అణగొచ్చు, పోతామంటే చీటీ రాసిస్తానంది. అవ్వ వద్దంది. ఇది పక్కవాళ్ళకు అంటుతుందా అని నేను అడిగాను. అంటదు, ఒకరి నుంచి ఒకరికి పోయే జబ్బు కాదు అంది డాక్టరమ్మ.

ఎన్నాళ్ళు బతుకుతానని అవ్వ అడగలేదు. గడ్డ ఒక్కటే ఉన్నప్పుడు పైకి ఎట్ల తెలుస్తాది అని అడిగింది. డాక్టరమ్మ తన చెయ్యి పైకెత్తి చూపిస్తూ చెప్పింది. ఇట్లా ఎత్తినప్పుడు ఒకచోట చర్మాన్ని లోపలి నుంచి దారంతో లాగినట్టు సొట్ట పడుతుంది. ముదిరేకొద్దీ కమలాపండు తొక్క మాదిరి గుంటలు పడతాయి. మొదట్లో నొప్పి ఉండదు, నొప్పి లేదని ఊరుకోవడంలోనే ముప్పుంది. కమలాపండు అవ్వ ఎప్పుడూ చూడలేదు. చీనీకాయ, అదే బత్తాయి, దాని తొక్క అని చెప్పుకుని గుర్తుపెట్టుకుంది. అప్పుడప్పుడే పులివెందుల పక్క చీనీ తోటలు వస్తున్నాయి, మా బజారులోకి గంపలు దిగేవి.

తిరుగు బస్సులో ఆమె ఏడుస్తుందేమోనని నేను ఓరకంట చూస్తూ కూర్చున్నాను. ఆమె ఏడవలేదు. ఆమెకు కోపం వచ్చింది. చావు మీద కాదు, ఆ రోగం వచ్చిన తీరు మీద. నొయ్యకుండా వచ్చింది సూడు దొంగది, అక్కే నయం, వచ్చినానని అరిచి చెప్తాది అంది. ప్రొద్దుటూరు వచ్చేదాకా పొగాకు కూడా నోట్లో వేసుకోలేదు.

మరుసటి ఆదివారం నుంచి ఆ తిన్నె మీద కొత్త పని మొదలైంది. అక్కి ఎక్కడ లేచినా సరే, మెడ మీదైనా, మోకాలి మీదైనా, వచ్చిన ఆడమనిషికి సింహం రాయడం అయిపోగానే లోపలికి తీసుకుపోయి, "చెయ్యెత్తు మేయ్" అనేది. వాళ్ళు ఎందుకని అడిగితే తన పైట పక్కకు తీసి చూపించేది. బాగ సూడు, ఇది అక్కి కాదు. లోపల గడ్డ తగిలినా, పైన సొట్ట పడినా, నొయ్యకపోయినా సరే, జమ్మలమడుగుకు పో, నా మాదిరి సింహాలు రాయించుకుంటా కూర్చోవాకు అని చెప్పేది. అక్కి లేనివాళ్ళను కూడా వదల్లేదు. నీళ్ళ బిందెతో పోయే కోడళ్ళను పిలిచి, బిందె దించించి, లోపలికి తోలేది.

ఊరు ఊరుకుంటుందా? ముసలిదానికి మతి పోయిందని కొందరు, అది పెద్దరోగం, గాలికే అంటుకుంటుందని కొందరు. తన ఒంటిదే తెలుసుకోలేనిది మనకేం రాస్తుందని ఇంకొందరు. తిన్నె దగ్గర జనం పలచబడ్డారు. చివరికి వాళ్ళ కులపెద్ద వచ్చి, తిన్నె ఎక్కకుండా కింద నిలబడి, నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఆడదానివి, కాటికి కాళ్ళు చాపినదానివి, వచ్చేపోయేవాళ్ళకు రొమ్ము చూపిస్తా కూర్చుంటే వీధి పరువు ఏం కావల్ల, తలుపేసుకుని రామా అనుకోరాదా అన్నాడు.

"నేను చూపిచ్చేది రొమ్ము కాదప్పా, రోగం," అంది అవ్వ. "నీ ఇంట్లో కూడా ఆడోళ్ళుండారు. వాళ్ళను పంపీ. పంపకుంటే నేనే వస్తా."

ఆయన పంపలేదు. ఆయన కోడళ్ళు మాత్రం ఒక మధ్యాహ్నం వెనక దోవన వచ్చి, చేతులెత్తి, చూపించుకుని పోయారు. ఆ మాట నేనూ అవ్వా ఎవరికీ చెప్పలేదు.

ఆమెను చూస్తే నాకు భయమూ గర్వమూ రెండూ కలిగేవి. మనిషి రోజురోజుకూ తరిగిపోతోంది. ఎడమచెయ్యి వాచి దుంగ మాదిరి అయింది. గింజలు కొన్ని చిట్లి పుండ్లు పడ్డాయి. వేపాకు కాచిన నీళ్ళతో తుడుచుకుని, ఉతికిన గుడ్డ కట్టుకుని, మళ్ళీ తిన్నె మీదికి వచ్చి కూర్చునేది. ఇంక చాలులే అవ్వా, పడుకో అంటే, పడుకుంటే అది గెలుస్తాది అనేది.

అప్పుడొచ్చింది పులివెందుల నుంచి మా పిన్నమ్మ. అమ్మకు చెల్లెలు. మా చిన్నాయన అక్కడ గుడిలో అర్చకుడు. పిన్నమ్మ చేతి పులిహోర తప్ప ఇంకొకరిది స్వామికి ఎక్కదని ఊళ్ళో అనుకునేవాళ్ళు, పిన్నమ్మ కూడా అట్లే అనుకునేది. వీపు నుంచి కుడి పక్కటెముకల దాకా అక్కి లేచి, బస్సులో ఆనుకోలేక నిటారుగా కూర్చుని వచ్చింది. పులివెందులలో రాసేవాళ్ళు లేక కాదు, అక్కి అవ్వ పేరు అంత దూరం పోయింది. ఇప్పుడామె సంగతి ఇట్లా ఉందే అని అమ్మ నసిగింది. ఎట్లయినా ఉండనీ అక్కా, మంట చల్లారితే చాలు అంది పిన్నమ్మ. ముగ్గురం పోయాం.

అవ్వ ఆ రోజు మంచి సింహం రాసింది. తోక వెన్నుపూస దాకా పోయింది. పిన్నమ్మ కుడిచెయ్యి పైకెత్తి తల మీద పెట్టుకుని కూర్చుంది. జూలు రాయడానికి ముందు వైపుకు వచ్చిన అవ్వ ఈక పట్టుకుని అట్లే ఆగిపోయింది. పిన్నమ్మ రొమ్ము పక్కన, ఎవరో వేలితో నొక్కి వదిలినట్టు ఒక చిన్న సొట్ట. అవ్వ ఈక కింద పెట్టి అక్కడ తడిమింది. పిన్నమ్మ చటుక్కున చెయ్యి దించేసింది.

"ఎనక ఉండేది అక్కి, అది పోతాది," అంది అవ్వ. "ఇది అక్కి కాదు."

అని తన పైట తీసింది. పిన్నమ్మ కళ్ళు మూసుకుంది. జాజు ఆరకముందే చీర కప్పుకుని ఇంటికొచ్చేసింది.

ఇంట్లో అమ్మ నిలదీస్తే అప్పుడు చెప్పింది. గడ్డ ఉన్న సంగతి ఆమెకు కిందటి శ్రావణం నుంచే తెలుసు. చిన్నాయనకు కూడా చెప్పలేదు. చెప్తే ఆసుపత్రి అంటారు, ఆసుపత్రిలో కోసేస్తారు. కోసేస్తే నేను అంగహీననవుతాను, గుడి వంటింట్లోకి ఏ మొహంతో పోను, ఆయన పక్కన పీట మీద ఎట్లా కూర్చోను అంది. పోయేదేదో నిండుగా పోతానంది. అమ్మ ఏడ్చింది. నేను ట్రైనింగులో నేర్చుకున్న పద్ధతిలో నచ్చజెప్పబోయాను, అది గోడకు చెప్పుకున్నట్టే అయింది. పొద్దున మొదటి బస్సుకు పులివెందుల పోతానని పిన్నమ్మ సంచి సర్దుకుంది. నేను సాయంత్రం పోయి అవ్వకు చెప్పాను. ఆమె అంతా విని, బస్సు ఎప్పుడు అని మాత్రం అడిగింది.

పొద్దున మేము బస్టాండుకు పోయేసరికి ఆమె అక్కడ ఉంది. ఎన్నాళ్ళుగానో వీధి దాటని మనిషి. వాచిన చెయ్యిని గుడ్డతో మెడకు కట్టుకుని, జమ్మలమడుగు బస్సుకూ పులివెందుల బస్సుకూ నడుమ నిలబడి ఉంది. మేము దగ్గరికి రాగానే నా చేతిలో ఉన్న పిన్నమ్మ సంచిని లాక్కుని, జమ్మలమడుగు బస్సు కిటికీలోంచి లోపలికి వేసింది. ఎవరిదది అని కండక్టరు అడిగితే, ఈయమ్మది, ఎక్కుతాది, ఉండు అంది.

పిన్నమ్మకు కోపం ముంచుకొచ్చింది. నన్నెందుకు ఇట్లా వెంట పడతావు, నా బతుకు నీకేం తెలుసు అని, నిన్న మాతో అన్నవన్నీ ఏడుస్తూ ఆమెతో అంది. అంగహీనగా నేను బతకలేనంది.

"మీ గుళ్ళో సామికి వేలు విరిగినా తీసకపోయి నీళ్ళల్లో వదుల్తారు, నాకూ తెలుసు," అంది అవ్వ. "నువ్వు సామివి కాదు మేయ్, మనిషివి. మనిషికి విరిగితే కట్టు గట్టుకుని మల్లా వంట జేసుకుంటాది."

పిన్నమ్మ కదల్లేదు. అప్పుడు అవ్వ, అంత మంది మధ్య, పైట పక్కకు తీసి లోపలి గుడ్డ ముడి విప్పింది. కండక్టరు గిర్రున అటు తిరిగాడు. టీ అంగడి దగ్గర మగవాళ్ళు తలలు దించుకున్నారు. అరటిపండ్ల గంప నెత్తిన పెట్టుకున్న ఒకామె మాత్రం గంప దించి చూస్తూ నిలబడింది. చీనీకాయ తొక్క మాదిరి గుంటలు పడిన చర్మం, దాని నిండా గింజలు, నడుమ పచ్చి పుండు. రొమ్ము అనడానికి అక్కడ ఏమీ మిగలలేదు.

"నాది గూడా ఒకప్పుడు నీ సొట్టంతే ఉండె," అంది. "నిండుగా పోతానంటివంట గదా. సూడు, ఇట్ల పోతారు. కండ్లు మూసుకుంటే నీది పోదు."

పిన్నమ్మ ఈసారి కళ్ళు మూసుకోలేదు. చూసింది, శానాసేపు చూసింది. తర్వాత తనే ముందుకొచ్చి ఆ గుడ్డ ముడి వేసి, అవ్వ పైట సర్ది, జమ్మలమడుగు బస్సెక్కింది. వెనకనే అమ్మ ఎక్కింది. నేను అవ్వను జట్కాలో ఇంటికి తీసుకొచ్చాను. ఆయాసంతో మాట రావడం లేదు, అయినా దోవలో ఒకటి అడిగింది. మీ పిన్నమ్మ నా పైట సర్దింది గదా, మడి పోయె, యాడ స్నానం చేస్తాది అని. నవ్వుతూ నేనే ఏడ్చాను.

చిన్నాయన కబురు తెలిసి ఆసుపత్రికి వచ్చాడు. ఆయన ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదని అమ్మ తర్వాత చెప్పింది. పిన్నమ్మ ఇన్నాళ్ళూ భయపడింది ఆయన అనని మాటలకు. గడ్డ ఇంకా చిన్నదే, చర్మంలో మొలవలేదు. డాక్టరమ్మ రొమ్మూ, చంకలో ఉన్న బిళ్ళలూ తీసేసింది.

కుట్లు మానిన తర్వాత పిన్నమ్మ ప్రొద్దుటూరులో బస్సు దిగి, మా ఇంటికి కాకుండా నేరుగా కుమ్మరి వీధికి పోయింది. అప్పటికి అవ్వ మంచం దిగడం లేదు. చూపు మందగించింది. పిన్నమ్మ ఆమె చెయ్యి తీసుకుని తన ఎద మీద పెట్టుకుంది. అవ్వ చూపుడువేలు ఆ కోత వెంట ఈ చివర నుంచి ఆ చివరిదాకా నెమ్మదిగా పోయింది. వాగు దాటేవాడు అడుగు అడుగు తడుముకున్నట్టు మధ్య మధ్య ఆగింది, మళ్ళీ పోయింది. గింజ ఒక్కటి కూడా తగల్లేదు.

"డాక్టరమ్మ చెయ్యి మంచిది. గీత తిన్నగా రాసింది," అంది అవ్వ. "తలకాయ పెట్టేదే మర్చిపోయింది. జాజు తీసకరా మేయ్."

నేను జాజు నూరి తెచ్చాను. వీపు కింద చెయ్యి వేసి లేపి కూర్చోబెట్టాను. వణికే వేలితో, ఆ కోత చివర, చంక దగ్గర, ఒక తలకాయ రాసింది. ఈక పట్టే శక్తి లేదు కాబట్టి జూలు కూడా వేలితోనే. రాస్తూ ఎప్పటి మాదిరే తిట్టింది, మళ్ళీ ఈ పక్కకు వచ్చినావంటే సూడు, ఈ తూరి ఈడ కాపలా ఉండాది అని.

అదే ఆమె ఆఖరి రాత. ఆ వారం దాటకుండా పోయింది. శవాన్ని ఎత్తేటప్పుడు వీధి ఆడవాళ్ళంతా వచ్చారు. కులపెద్ద కోడళ్ళు ముందు వరసలో నిలబడ్డారు, ఈసారి వెనక దోవన రాలేదు.

పిన్నమ్మ ఎద మీద ఎర్రటి తలకాయతోనే పులివెందుల పోయింది. మడి మనిషి, అదంతట అది మాసిపోయేదాకా ఆ చోట నీళ్ళు పోసుకోలేదు. గుడి పెద్దలెవరో చిన్నాయన దగ్గర గొణిగారంట, అంగలోపం ఉన్న మనిషి నైవేద్యం వండొచ్చునా అని. ఆ మాట పిన్నమ్మ చెవిన పడింది. నేరుగా గుడి వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగించి, విరిగింది స్వామికి కాదు, నాకు, పులిహోరకు చింతపండు నానేసినాను, తినేవాళ్ళు తినండి అందంట. అందరూ తిన్నారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు తిన్నారు. మా ఇంట్లో ఏ ఆడపిల్ల పెళ్ళికి పోయినా, ఏ కోడలు కాన్పుకు వచ్చినా, పిన్నమ్మ గదిలోకి పిలిచి తలుపేసి "చెయ్యెత్తు మేయ్" అనేది. బ్రాహ్మణ ఇంట్లో ఆ "మేయ్" ఏందని కొత్త అల్లుళ్ళు విస్తుపోయేవాళ్ళు.

నిజం చెప్పాలంటే ఆ ఆఖరి సింహం, మొన్న డాక్టరు గదిలో చూసిన రైతు సింహం కంటే అన్యాయంగా ఉండింది. జూలు ఒక పక్కకే ఉంది, కన్ను పెట్టడం మరిచిపోయింది. చూసిన ఎవరైనా నక్క అనే అంటారు. పిన్నమ్మ ముసలితనంలో ఒకసారి, అది నక్క మాదిరి ఉండిందని ఆమెతో అన్నాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, తల కూడా ఎత్తలేదు.

"నీకు సింహాలు తెలీవు," అంది.